సౌజన్య పేరుతో పంపిన మాట

కాశీబుగ్గ,
మే 12

చిరంజీవి సౌజన్యకు కుమారి పిన్ని ఆశీస్సులు. ఇక్కడ నన్ను మినహాయిస్తే అందరూ క్షేమం. ముంబయిలో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నువ్వు అడిగినవి ముందు చెప్పేస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఈ ఏడు తోటలో జీడి పిక్క సన్నం. మీ అమ్మకు మోకాళ్లు నడవడం లేదు, నోరు మాత్రం బాగా నడుస్తోంది.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. మూడుసార్లు చేశాను. "మళ్లీ ఏం వేషం పిన్నీ?" అని పెట్టేశావు. నీ తప్పు లేదు. ఆసుపత్రిలో పడి ఉన్నానని మీ అమ్మ చేత చెప్పించి, నిన్ను రైలెక్కించి, పలాస స్టేషన్లో పూలదండతో ఎదురొచ్చినదాన్ని. ఇప్పుడు నిజంగా భయమేస్తుంటే నమ్మేవాళ్లు లేరు.

నీ ఆఫీసులో కంపెనీలకు ధర ఎలా కడతారని అడిగితే నాలుగు పేజీలు రాశావు కదా. బ్యాంకుకైతే అప్పులు పోగా మిగిలే ఆస్తి చూస్తారని, సబ్బుల కంపెనీకైతే షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చూస్తారని, లాభమింకా రాని కొత్తదానికి అమ్మకాలు చూస్తారని. మూడు పేజీలు చదివి, మనకు చేపలు తెచ్చే గోవిందు దగ్గర గొప్పలు పోయాను. వేట నిషేధం రోజులు. కొత్త పడవ కొందామని పాతది అమ్మాడు. సగం డబ్బు చేతికొచ్చింది, మిగతా సగం ఈ నెలాఖరుకు వస్తుంది.

"అక్కా, రొయ్యలు ఎగుమతి సేసే కంపెనీ ఒకటుంది. కొనొచ్చేటో మీ సౌజన్యమ్మనడుగు" అన్నాడు.

నిన్నడగలేదే. నేనే లెక్క వేశాను. ధర లాభానికి నాలుగు రెట్లే! "కారుచవక, కొనేయండి" అని రాసి, కింద నీ పేరు పెట్టి అతని ఫోనుకు పంపాను. సాయంత్రం వేళాకోళమని చెబుదామనుకున్నాను. ఈలోగా చేతిలో ఉన్నదంతా పెట్టేశాడు. రెండు రోజులు పెరిగింది, మురిసిపోయి నోరు మూసుకున్నాను. ఇప్పుడు సగానికి పడింది.

అప్పుడు తీశాను నీ నాలుగో పేజీ. రొయ్యలు, చక్కెర, ఇనుము లాంటి వాటికి ఒక్క ఏడాది లాభం నమ్మకూడదు, మంచి ఏళ్లూ చెడ్డ ఏళ్లూ కలిపి సగటు చూడాలని రాశావు. నేను లెక్క కట్టింది అన్నిటికంటే మంచి ఏడాది మీద. ఒసేయ్, ఇరవై ఏళ్లుగా నందిగాం వైపు జీడి తోటలు కౌలుకు తీసుకుంటున్నదాన్ని! విరగకాసిన ఏడు చూసి ఏ తోటకైనా ధర కట్టానా? తుపాను ఏడూ, పూత మాడిన ఏడూ కలుపుకునే బేరమాడతాను. ఆ బుద్ధి ఏమైపోయిందో.

నిన్న సంతబొమ్మాళి దాటి గోవిందు వాళ్ల పల్లెకు వెళ్లి చెప్పేశాను. "ఆ మాట సౌజన్యది కాదురా, నాదే."

పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎల్లక్కా, నీ ఏసాలు నాకు తెల్దేటి? నన్ను బయపెడతన్నావు. కారుసవకని సౌజన్యమ్మ సెప్పింది కదా, ఇప్పుడు మరీ సవకయ్యింది. రావలసిన సగం రాగానే అదీ పెట్టేత్తాను."

ఒట్టు వేశాను.

"పోయినసారీ ఒట్టేసినావొదినా" అంది వాళ్లావిడ రాణి. ఆవిడా నవ్వింది.

వాళ్లు నవ్వుతుంటే నేను లేచి వచ్చేశాను. జూన్‌లో వేట మొదలవుతుంది. పడవ లేకపోతే ఎవరి చిల్లుల పడవలోనో కూలికి పోతాడు. అతనికేమైనా అయితే రాణి ముఖం ఎలా చూడను? నీ పేరు వాడుకున్నందుకు నీ ఉద్యోగానికి ముప్పేమోనని ఇంకో భయం.

నన్ను తర్వాత తిట్టు. అతని నంబరు ఈ కాగితం వెనక రాశాను. నెలాఖరులోగా చెయ్యి. వీడియో కాలే చెయ్యి తల్లీ, నీ మొహం కనబడాలి. ఒట్టి గొంతయితే, నేనే నీలా మాట్లాడుతున్నాననుకుంటాడు.

ఇట్లు,
నీ పిన్ని
కుమారి