పదిహేడో అంశం ఎదుట టిక్కు

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీస్సులతో,

ఇక్కడ అందరమూ కుశలంగా ఉన్నాము, అత్తయ్యగారి ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. అది కూడా కుశలానికి ఒక మెట్టు దూరంలోనే ఉన్నది. నీ ఆరోగ్యమూ బాగున్నదని తలుస్తాను.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. వరుస తప్పకుండా జవాబు వ్రాస్తాను. నా సంగతి నీకు తెలిసిందే. మొదటిది, అమ్మ మందులు వేళకు వేసుకుంటోందా అని. వేసుకుంటున్నారు, అయితే నేను గోడకు అతికించిన పట్టిక చూసి మాత్రం కాదు. "కాగితం చెప్పినట్టు మందు మింగితే జబ్బు కాగితానికి తగ్గుతుంది, నాకు కాదు" అన్నారు. రెండవది, మీ అక్క కుట్టుపని. బడిపిల్లల దుస్తులు అరవై జతలు ఒప్పుకున్నది. ఇల్లంతా నీలం గుడ్డముక్కలే. నిన్న నా చొక్కా జేబులో ఎవరిదో కాలరు దొరికింది. మూడవది, పడవ పైతట్టుకు, అదే డెక్కుకు, ఏ రంగు అని. మామయ్యగారు వేయించిన తెలుపే.

నాలుగవది, మామయ్యగారు మనకు వదిలిన పడవ కాగితాలలోంచి నీ పేరు తీయించడం. నీవు సంతకం చేసి పంపిన పత్రం అందింది. దానికి జవాబు చెప్పాలంటే ముందు డెక్కు సంగతి చెప్పాలి.

రంగు వేయడం రెండు రోజుల పని; రంగుకు సిద్ధం చేయడం నెల పని. ఈ మాట నాకు ఏ గురువూ చెప్పలేదు, మొదటిసారి నేను వేసిన రంగు పెచ్చులుగా లేచి చెప్పింది. అందుకే ఈసారి ముప్పై ఎనిమిది అంశాలతో పట్టిక వ్రాసుకున్నాను. డెక్కు మీద బిగించి ఉన్న ప్రతి వస్తువునూ విప్పి, దాని మరలతో సహా వేరు వేరు డబ్బాలలో వేసి, చీటీలు అంటించాను. పాత రంగును గోకి, ఉప్పుకాగితంతో రుద్దాను. తరువాత స్క్రూడ్రైవరు పిడితో జానెడుకొక చోట తట్టుకుంటూ వచ్చాను. గట్టి చెక్క టక్కుమంటుంది. పుచ్చినది దిండును తట్టినట్టు మూగగా ఉంటుంది. మూగగా ఉన్న చోటల్లా సుద్దతో సున్నా చుట్టాను. అలా ఏడు సున్నాలు పడ్డాయి. ముందు గది పైకప్పులో ఉన్న డెక్కు కిటికీ చుట్టూ మాత్రం ఒక్కటీ పడలేదు.

అది చూసి నేను పనిముట్టు కింద పెట్టాను.

మూడేళ్ళ కిందటి సంగతి నీకు గుర్తుచేయనక్కరలేదు, కాని వ్రాయవలసిన బాధ్యత నాది. వానలు వెలిశాక పడవ ముందు గదిలో పరుపు తడిసి, పైపలకలు నల్లబడి ఉన్నాయి. చివరిసారి పడవ తీసినవాడివి నువ్వు. "కిటికీ మూశాను బావా, నా చేతులతో మూశాను" అన్నావు. నేను పడవ పనులకు టిక్కులు పెట్టే పుస్తకం తెచ్చి మీ అమ్మగారి ముందు, మీ అక్క ముందు తెరిచాను. "కిటికీ మూయుట" ఎదుట టిక్కు లేదు. "టిక్కు పెట్టకపోతే మూయనట్టేనా?" అని అడిగావు. "నా పుస్తకంలో అంతే" అన్నాను. ఆ తరువాత నువ్వు పడవ ఎక్కలేదు.

ఏడు సున్నాలూ ముక్కు దగ్గర లంగరు మోకు చుట్టే ఇత్తడి కొమ్ము చుట్టూ ఉన్నాయి. దాని నాలుగు బోల్టులు బిగించినవాడిని నేను, ఆ వానలకు రెండు నెలల ముందు. రంధ్రాలలో నీరు దిగకుండా సీలెంటు నింపి బిగించాలి. ఇప్పుడు చూస్తే ఒక్క దానికీ సీలెంటు జాడ లేదు. కింద చెక్క తడిసిన టీపొడిలా చేతికి వచ్చింది. నీళ్ళు అక్కడినుంచే దిగాయి.

పాత పుస్తకం తీశాను. పదిహేడో అంశం: కొమ్ము బోల్టులకు సీలెంటు. ఎదుట చక్కని టిక్కు. మర్నాడు చేయబోయే పనులకు ముందురోజే టిక్కులు పెట్టుకునే అలవాటు నాకు ఉండేది. చేసి తీరతాననే ధీమా. ఆ ఉదయం చూస్తే సీలెంటు ట్యూబు గడ్డకట్టి ఉంది. కొత్తది తెచ్చేదాకా ఉండనీ అని ఉత్తినే బిగించాను. తరువాత పుస్తకం చూసుకుంటే టిక్కు ఉంది కదా, పని అయిందనే నమ్మాను. నువ్వు చేసిన పనికి టిక్కు లేదు, నేను చేయని పనికి ఉంది. ఇంట్లో అందరూ పుస్తకాన్నే నమ్మారు.

ఇంకొకటి ఉన్నది, అది దీనికన్నా చెడ్డది. ఇది బయటపడిన వెంటనే నేను ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజులు ఊరుకున్నాను. కొత్త చెక్క వేసి తెల్లరంగు పూస్తే ఏమీ కనబడదు. చెక్క మార్చడానికి వచ్చిన ముసలి వడ్రంగి బోల్టులు చూసి, "ఎవరు బాబూ ఇది బిగించింది? చేతులు విరగ్గొట్టాలి" అన్నాడు. నేను మాట్లాడలేదు. "మీ బావమరిదేనా? దేనికీ నిలకడ లేదని మీరే అన్నారుగా." అప్పుడూ నేను మాట్లాడలేదు.

పదవ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. మీ అక్క పళ్ళెం పక్కకు జరిపి, "నేను కూడా వాణ్ణే అబద్ధాలకోరు అన్నాను. మీ మాట విని అన్నాను" అన్నది. అత్తయ్యగారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "అల్లుడుగారూ, మీ పుస్తకంలో టిక్కు పెడితే చాలు, సూర్యుడు కూడా ఉదయించక్కర్లేదు" అన్నారు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు, ఆవిడతో సహా.

మర్నాడు వడ్రంగి దగ్గరకు వెళ్ళి ఆ చేతులు నావేనని చెప్పాను. "అయితే పని పూర్తయ్యాక విరగ్గొడదాం, ఇంకా డెక్కంతా రుద్దాలిగా" అన్నాడు.

ఇక నాలుగవ ప్రశ్న. పత్రాన్ని నేను చింపలేదు, పడవలు నమోదు చేసే కార్యాలయంలోనూ ఇవ్వలేదు. పేరు ఉంచుకోవడమా, తీయించుకోవడమా అన్నది నిజం తెలిసిన తరువాత నీవు నిర్ణయించుకోవలసిన విషయం. అందుకే దానిని తెచ్చి నీ చేతికే ఇస్తాను. రాబోయే ఆదివారం ఉదయం పది గంటల బస్సుకు నేను ఒక్కడినే వస్తున్నాను. మీ అక్కా, అత్తయ్యగారూ వస్తామన్నారు. వద్దన్నాను, వాళ్ళ ముఖం చూసి నువ్వు మెత్తబడటం న్యాయం కాదు. ఉత్తరం ముందుగా పంపుతున్నది ఎందుకంటే, ఆ వేళకు ఇంట్లో ఉండకూడదనుకుంటే నీకు ఆ వీలు ఉండాలి. తలుపుకు తాళం ఉంటే నేను తప్పుపట్టను. మళ్ళీ ఆ పై ఆదివారం వస్తాను.

ఇట్లు,
నీ మాట నమ్మవలసిన రోజున నమ్మని
మీ బావ