ఉన్ని టోపీల పందెం

గున్‌హిల్డ్ గారికి,

మీ అబ్బాయి ఐవింద్ అంత్యక్రియలకు మా స్కీ సంఘం తరఫున పంపిన పూలు అందే ఉంటాయి. మీ ఉత్తరానికి కార్యదర్శిగా నేను జవాబు రాస్తున్నాను.

మన టెలెమార్క్ మంచుకొండల్లో తాతల నాటి పద్ధతిలో, కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే కర్ర స్కీలతో, ఉన్ని టోపీలతో పందెం నడపడమే మా సంఘం పని. ఆ రోజు ఐవింద్ హెల్మెట్ పెట్టుకొచ్చాడు. మా అధ్యక్షుడు హల్వోర్ గారు సరదాగానే, "ఏరా, మీ తాత ఈ వాలు ఉన్ని టోపీతోనే దిగాడు. నీదేమన్నా కోడిగుడ్డు బుర్రా?" అన్నారు. అందరూ నవ్వారు. "పెట్టుకోనివ్వవయ్యా, మంచు గాజులా ఉంది" అని పక్కనే ఉన్న మీరు ఆయనతో అన్న మాట నిజమే. అయినా తీసేసింది అతనే కదా! పత్రికలవాళ్లు అడిగితే ఆ మాటే చెప్పండి.

కింది మలుపులో జారి, చెట్టుకు తల కొట్టుకుని అతను అక్కడికక్కడే పోవడం మాకూ బాధాకరమే. వచ్చే ఏటి నుంచి హెల్మెట్లు పెట్టుకోనివ్వమని మీరు కోరారు. చర్చించాం. ఫొటోల్లో పాతకాలపు కళ పోతుందని ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మలుపుకు మాత్రం మీ అబ్బాయి పేరు పెడుతున్నాం.

చివరగా చిన్న మనవి. అతను తొడుక్కున్న స్కీలు మా ప్రదర్శనశాలవి. విరిగిన ముక్కలైనా సరే, తిరిగి పంపండి. అతని కాళ్లు విడిపించడానికి అంబులెన్సువాళ్లు వాటి తోలు పట్టీలు కత్తిరించేశారు. నూరేళ్ల నాటి పట్టీలవి. ఈసారి ఎవరు పడినా కోయకుండా, నిదానంగా విప్పమని వాళ్లకు గట్టిగా చెప్పాం.

ఇట్లు,
సంఘ కార్యదర్శి