ఊరివైపు వాలు

బొమ్మసంద్ర, 14 మే 1980. ఎండ. ఫ్యాక్టరీ ఆవరణలో గడ్డి కోశాను.

ప్రియమైన పిల్లమ్మకు,
క్షేమం. కొండకు ఊరివైపు వాలు చదునుగా ఉందని మూడూళ్ల గొర్రెలూ అక్కడే మేసి, మన్ను బయటపడిందని రాశావు. బండవైపు గడ్డి నడుమెత్తు ఉన్నా గొర్రెలు ఎక్కలేవు. నువ్వూ ఎక్కవద్దు. ఇక్కడి ఎండుగడ్డి రెండు సంచులు మన ఊరి దారిన పోయే సొన్నప్ప లారీలో పంపుతున్నాను. ఏవో తెల్లపూల మొక్కలు కలిశాయి. ఏరే తీరిక లేదు. మంద నిలదొక్కుకుంటే ఈ పని మానేసి వచ్చేస్తాను. చేతులకు దురద, అంతే.
నీ చిక్కమునియప్ప

కొండకింద పల్లె, 2 జూలై 1981

మీ పాదాలకు దండం పెట్టి పిల్లమ్మ రాసేది.
ఊరివైపు వాలంతా పచ్చబడింది! నిరుడు మీ సంచులు దులిపిన చోట ఆ తెల్లపూల మొక్క మొలిచి, ఈ వానకు వాలంతా పాకింది. పక్కింటి ఆవులప్ప మామ నవ్వి, "ఏమమ్మా, నీ మొగుడు బెంగుళూరు నుంచి పూలతోట అంపించినాడే! ఇంగ గొర్రెలకు పండగే" అన్నాడు. బండవైపు పాత గడ్డి దట్టంగా ఉంది, అక్కడ ఇది ఒక్కటీ మొలవలేదు. రెమ్మ ఒకటి జాబులో పెట్టాను. మీరు వస్తారని కొట్టం కప్పించాను.
మీ పిల్లమ్మ

బొమ్మసంద్ర, 11 జూలై 1981. మబ్బు. గేటు కడిగాను.

పిల్లమ్మా,
రెమ్మ చూశాను. ఇక్కడి ఆవులు దీన్ని ముట్టవు. గొర్రెలను అటు తోలవద్దు. పూత రాలకముందే పీకించు. చేతులకు గుడ్డ చుట్టుకో.
చిక్కమునియప్ప

కొండకింద పల్లె, 20 ఆగస్టు 1981

మీకు పిల్లమ్మ దండాలు.
జాబు అందేసరికే పూత రాలింది. మొదట గొర్రెలు ముట్టలేదు. వేరే గడ్డి లేక, ఆకలికి తిన్నాయి. నోళ్లు పుండ్లుపడ్డాయి. పాలు చేదెక్కాయి. గొర్రెపిల్లలు పొదుగు దగ్గరికి వెళ్లి మూతి తిప్పుకుని, అట్లే చచ్చాయి. మనవి అన్నీ పోయాయి. మామవీ పోయాయి. ఇప్పుడాయన నవ్వడం లేదు. "యాడనుంచి వచ్చిందమ్మా ఇది?" అని అడుగుతున్నాడు. గాలికి వచ్చిందన్నాను.
మీరు ఇప్పుడు రావద్దు.
పిల్లమ్మ

బొమ్మసంద్ర, 3 సెప్టెంబరు 1981. ముసురు. ఆవరణలో తెల్లపూల మొక్కలు పీకాను.

ప్రియమైన పిల్లమ్మకు,
జాబు చేరింది. గాలి అంత దూరం రాదు. మామకు ఆ సంగతి తెలుసు.
పొద్దున సొన్నప్ప లారీ గేటు దగ్గర ఆగింది. "అన్నా, మీ ఊర్లో గొర్రెలకు మేత లేదంట కదా. ఈసారీ రెండు సంచులు ఎయ్యమంటావా? జాగా ఉండాది" అన్నాడు. "వద్దప్పా" అన్నాను.
పీకినవి గోడవార కుప్ప వేశాను. తడికి అంటుకోవడం లేదు. కిరసనాయిలు తెచ్చి పోసి తగలబెడతాను.
నీ చిక్కమునియప్ప