స్కూలు గోడ మీది బస్సు బొమ్మను చెరిపించుట గురించి

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉన్నత పాఠశాల వీధి గోడపై విద్యార్థులు వేసిన బొమ్మలో, గేటు పక్కనున్న బస్సు భాగమును సున్నము వేసి చెరిపించుట, డ్రాయింగు టీచరును బదిలీ చేయుట గురించి.

సదరు గోడకు ఎదురుగా పదహారేళ్ళుగా రెండు కుర్చీల సెలూన్ నడుపుకొంటున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. పోయిన నెలలో డ్రాయింగు టీచరు తొమ్మిదో తరగతి పిల్లలకు రంగులూ కుంచెలూ ఇచ్చి, మన ఊళ్ళో మీరు కళ్ళారా చూసినవి గీయండి అన్నారట. పిల్లలు కూరగాయల బజారు, ఇస్త్రీ బండి, కుళాయి దగ్గర తగువు, కుర్చీలో కునుకు తీస్తున్న లెక్కల మాస్టారిని గీశారు. మాస్టారు తన బొమ్మ చూసుకుని, పొట్ట కాస్త తగ్గించమని మాత్రం అడిగారట. వారిష్టం వారిది. నా అభ్యంతరమల్లా మా అమ్మాయి గీసిన భాగము గురించే.

2. సదరు భాగములో ఒక బస్సు ఉన్నది. కిటికీ పక్కన ఒడిలో సంచీ పెట్టుకుని ఒకామె ముందుకు చూస్తూ కూర్చున్నది. కింద పుస్తకాల సంచీతో ఒక పిల్ల చెయ్యెత్తి నిలబడి ఉన్నది. ఆ ముక్కు, ఆ జడ, ఎడమ కనుబొమ మీది గాటు చూసి ఊరంతా పోల్చుకున్నారు. ఆమె నా భార్య.

3. మూడేళ్ళ కిందట ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయినది. కారణము తమ శాఖకు సంబంధించినది కాదు. తల్లికి ఒంట్లో బాగాలేక పుట్టింటికి వెళ్ళిందని నేను అందరికీ చెప్పాను, అమ్మాయి చేతా చెప్పించాను. సదరు అత్తగారు కాలం చేసి పదకొండేళ్ళు. పుట్టింటి ఊరు దూరం, ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. కనుక అత్తగారికి మొదట పక్షవాతము, తరువాత తుంటి ఎముక విరుగుట, ఈ ఏడు కంటి ఆపరేషను నేనే కలిగించి, ఇంటి గుట్టు కాపాడుకుంటూ వచ్చాను. తమ శాఖ పుణ్యమా అని అది కాస్తా రచ్చకెక్కింది.

4. నా షాపులో రెండు అద్దాలు. రెండింట్లోనూ ఆ గోడే. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ముందు బస్సును చూస్తాడు, తరువాత నన్ను చూస్తాడు. నా చేతిలో కత్తి ఉంది గనుక నోరెత్తడు. పాలకేంద్రం ఆయన ఒక్కడే, "అత్తగారి కన్ను ఎలా ఉందోయ్?" అని అడిగాడు. సగం గడ్డంతోనే పంపించేశాను.

5. టీచరును నిలదీయడానికి వెళ్ళాను. కుర్చీ చూపించారు, నేను కూర్చోలేదు. తల్లి బస్సెక్కడం మా అమ్మాయి చూసిందట. చెయ్యూపితే తల్లి ఇటు తిరగలేదట. రెండేళ్ళ కిందటే ఆ సంగతి తనతో చెప్పుకుందట.

"మిమ్మల్ని ఎక్కడా చెడ్డగా గీయలేదండీ. అసలు మిమ్మల్నే గీయలేదు" అన్నారు. నన్ను ఊరడించడానికట.

హెడ్మాస్టరు గారూ ఆమెనే వెనకేసుకొచ్చి, కావాలంటే పైకి రాసుకోమన్నారు. రాస్తున్నాను. పిల్లల కడుపులో మాట లాగడం ఏ తరగతి పాఠంలో ఉన్నదో తమరే తేల్చాలి.

6. ఆదివారం నేనే బకెట్టూ బ్రష్షూ పట్టుకుని గోడ దగ్గరకు వెళ్ళాను. ప్రభుత్వ గోడ అని తెలిసే వెళ్ళాను. అమ్మాయి వెనకాలే వచ్చింది. అడ్డం నిలబడలేదు, ఏడవలేదు.

"సున్నం కొట్టు నాన్నా. కానీ అమ్మమ్మకి బాలేదని ఇంక నేనెవరికీ చెప్పను. మూడేళ్ళు చెప్పాను, చాలు" అంది.

బ్రష్షు తడపకుండానే తిరిగొచ్చాను. అందువలన ఆ పని తమ శాఖే చేయించవలసి ఉన్నది.

కావున తమరు వెంటనే సున్నము వేయించి, సదరు టీచరును బస్సు వెళ్ళగలిగినంత దూరం పంపించి, ఈ వీధిలో నేను తలెత్తుకుని తిరిగే వీలు కల్పించగలందులకు ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
స్కూలు ఎదుటి సెలూన్ యజమాని

తా.క. నిన్న రాత్రి కవరు అంటించబోయే ముందు, బస్సెక్కడం చూసిన రోజే నాకెందుకు చెప్పలేదని అమ్మాయిని అడిగాను. "చెబుదామనే పరిగెత్తుకొచ్చాను నాన్నా. అప్పటికే నువ్వు పక్కింటి అత్తయ్యతో, అమ్మమ్మకి బాలేదని చెబుతున్నావు" అంది.

సున్నము వేయించవద్దు. టీచరు మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంచండి. నా కూతురు నాకు చెప్పుకోవలసిన మాట ఆమెకు చెప్పుకుంది. దానికి శిక్ష ఎవరికి వేయాలో తమ రూల్సులో ఉంటే తెలియజేయగలరు.

ఈ ఉదయం మొదటి గిరాకీ పోస్టాఫీసు గుమస్తా. సబ్బు నురగ పట్టిస్తూ, ఆయన అడక్కుండానే, నా భార్య నన్ను వదిలేసి వెళ్ళిపోయిందని చెప్పాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, "మీసం కొంచెం సన్నం చెయ్యి" అన్నాడు. చేశాను.