పాలరాతి మీద సాక

మోత్కూర్

ప్రియమైన స్వరూపక్కకు,

ఫోన్ చేస్తే బావ నీతో స్పీకర్ పెట్టిస్తాడు. అందుకే కాగితం పట్టాను.

దసరా నాడు మీ కొత్త ఇంట్లో జరిగినదానికి నా కోపం ఇంకా చల్లారలేదు. బాపు చేసిన తప్పేంది? చేతికి మందు గ్లాసిస్తే, ఎప్పటిలాగే తాగేముందు రెండు చుక్కలు నేలకు వదిలి అమ్మవారికి సాక పోశాడు. కింద ఉన్నది మట్టి కాదు, పాలరాయి అని ఆయనకు తోచలేదు. దానికే అంతమంది ముందు బావ, "గిది కల్లు కాంపౌండ్ కాదు. తుడువు" అంటాడా? బాపు భుజం మీది కండువా తీసి, మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. నువ్వు వంటింటి తలుపు పట్టుకుని చూస్తూ నిలబడ్డావు.

ఆ కండువా దండెం మీద అట్లనే ఉంది. బాపు దాన్ని ముట్టడు. ముంత కూడా ముట్టడం లేదు. "సాక పొయ్యరానోనికి కల్లెందుకు బిడ్డా" అంటున్నాడు. బావ అదే నేలను అదే తీరుగా తుడిచేదాకా నాకు మనసున పట్టదు. నీ మీద కూడా కోపమే.

నీ చెల్లె,
యాదలక్ష్మి


భువనగిరి

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. జర ఊకో. ఆయన నోటి సంగతి నీకు తెలియనిదా? ఇద్దరు పిల్లలను పెట్టుకుని నేనెవరితో కొట్లాడాలి?

వచ్చే ఆదివారం ప్లాట్లు కొనే పట్నం వాళ్లకు ఇంట్లో దావత్. వాళ్లు వైనే తాగుతారట. మొన్న ఒక సీసా తెరవబోతే బిరడా ముక్కలై లోపల పడింది. ఆ తిట్లన్నీ నాకే. వాళ్ల ముందు పరువు పోతుందని ఆయనకు ఒకటే ఫికర్.

బాపుకు వేళకు అన్నం పెట్టు. దండెం మీది కండువా ఉతకకు, ఉండనీ.

నీ అక్క,
స్వరూప


మోత్కూర్

ప్రియాతిప్రియమైన అక్కకు,

నా కోపం చల్లారింది. ఎంతైనా బావ మన ఇంటి అల్లుడు కదా. ఆయన పరువు మన పరువు కాదా?

ఈ పార్సిల్‌లో ఉన్నది గ్యాసు ఓపెనర్. మన ఊరి ఎల్లేష్ హైదరాబాద్‌లో హోటళ్లకు సామాను వేస్తాడు కదా, ఆయనతో తెప్పించాను. దాని సూదిని బిరడా గుండా కింది దాకా దించి పైన మీట నొక్కితే, గ్యాసు లోపలికి పోయి బిరడాను పైకి తోస్తుంది. బావకు ఒక్క మాట చెప్పు. మీట గట్టిగా నొక్కి పట్టాలి, బిరడా కదిలినా వదలొద్దు. ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత మంచిదట. సీసాను గుండెల దగ్గర పట్టుకొమ్మను. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకొమ్మను, పెద్దమనిషి తీరుగా ఉంటాడు.

మీ మంచి కోరే,
యాదలక్ష్మి


భువనగిరి

నా ప్రియమైన పాము పిల్లకు,

నీ కోపం చల్లారిందని నమ్మడానికి నేనేమన్నా పరాయిదాన్నా? చిన్నప్పుడు నీ పలక పగలగొట్టిన పిల్ల సంచిలో తేలును వేసినదానివి.

ఆయన లేనప్పుడు ఒక సీసా మీద పెట్టి చూశాను. మీట అట్లా తాకి వదిలానో లేదో, బిరడా టప్పుమని వచ్చేసింది. నువ్వు చెప్పినట్టు పట్టుకుని ఉంటే ఏమయ్యేదో అప్పుడే అర్థమైంది. పెరట్లో బాపు పేరు మీద సాక పోసి ఒక గుక్క తాగాను. పుల్లగా ఉంది, మన ముంత కల్లే నయం.

సీసా పగిలితే నా పిల్లల కండ్లు పోతాయని నీకు తట్టిందా? అందుకు మాత్రం నిన్ను ఇంకా క్షమించలేదు. దావత్ నాడు పిల్లలను పక్కింటి బిక్షమ్మ దగ్గరికి తోలాను. వచ్చినవాళ్లకు దూరంగా గోడ వారగా కుర్చీలు వేయించాను. ఆయనకు మాత్రం నువ్వు రాసింది రాసినట్టే చెప్పాను.

బిరడా ఎగిరింది. వైన్ బుస్సుమని ఆయన ముఖం మీద, తెల్ల చొక్కా మీద కొట్టింది. బెదిరి వదిలేస్తే సీసా పాలరాతి మీద పడి పగిలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పట్నం వాళ్లు పకపకా నవ్వారు. ఆయన నా దిక్కు తిరిగి తుడవమని అరిచాడు.

ఈసారి నేను వంటింటి తలుపు వదిలి వచ్చాను చెల్లే. ముందు గాజుపెంకులన్నీ చీపురుతో ఎత్తాను. తర్వాత ఆయన భుజం మీది కండువా తీసి ఆయన చేతిలోనే పెట్టాను.

"మీరే తుడువుండ్రి. మా బాపు గట్లనే తుడిచిండు" అన్నాను.

అందరూ చూస్తున్నారు. ప్లాట్లు కొనేవాళ్ల ముందు పెండ్లాంతో కొట్లాడలేక మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడు. నేను నిలబడి చూశాను. నాకు జాలి కలగలేదు.

ఎంత కడిగినా మరక పోలేదు. దాని మీద తివాచీ వేద్దామన్నాడు, వద్దన్నాను. బాపును ఆ కండువాతోనే తోలుకరా. ఒక ముంత కూడా తీసుకురా. ఆ మరక మీదే సాక పోయమందాం.

ఓపెనర్ తిరిగి పంపను. దాంట్లో ఇంకా గ్యాసు మిగిలింది. టీవీ పక్కన పెట్టాను. దాని దిక్కు చూసినప్పుడల్లా మీ బావ గొంతు తగ్గుతోంది.

తలుపు వదిలి వచ్చిన నీ అక్క,
స్వరూప