మోగని రాళ్ళకు సున్నం

మార్చి 14, శనివారం

ప్రియమైన రాహేలుకు,

ప్రభువు పేరట నీకూ, అత్తమ్మకూ, మనీషాకూ వందనాలు. ఇక్కడ నేను ప్రాణాలతో ఉన్నాను. అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను. ఎప్పుడూ "ఇక్కడ మేమిద్దరం క్షేమం" అని మొదలుపెట్టేవాణ్ణి. జనవరి నుంచి ఆ మాట చేతికి రావడం లేదు.

శంకరప్ప నీ ఉత్తరం తెచ్చిచ్చి పదహారు రోజులైంది. మీ తమ్ముడు యోబు శవపెట్టె వెంట యాలాల్ దాకా వచ్చాడే, ఆ సేడం డ్రైవరు. రేపు పొద్దున ఉద్యోగం వదిలేసి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఈ కాగితాలు బూటులో అట్ట కింద పెట్టుకుని తెస్తానన్నాడు. కాల్పులు మొదలైన రోజే గని కంపెనీ మా ఫోన్లన్నీ లాక్కుంది కాబట్టి నీకు నా గొంతు వినిపించే దారి లేదు. దేశాల పేర్లు, ఊళ్ళ పేర్లు రాయను. ఎక్కడైనా దొరికితే పాపం శంకరప్ప తోలు తీస్తారు. మేమున్నది ఇవతలి దేశం, గుట్ట దిగితే అవతలి దేశం. అంతవరకు తెలిస్తే చాలు.

తిండి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. కానీ బుధవారం నుంచి మాంసం ముట్టడం లేదు. ఆ రోజు సంత మీద అవతలివాళ్ళ ఫిరంగి గుండ్లు రెండు పడ్డాయి. మొదటిది గొర్రెల మీద పడింది. రెండోది మనుషుల మీద. మేము ఎప్పుడూ అరటిపండ్లు కొనే ముసలామె గురించి యోబు ఫోనులో నీకు చెప్పేవాడు కదా, అత్తమ్మ లాగే నవ్వుతుందని. ఆమె కాళ్ళు ఒకచోట, ఆమె ఒకచోట పడి ఉన్నాయి. నేనే ఎత్తి జీపులో వేశాను. దారిలో నా చొక్కా గుప్పిట పట్టుకుని ఏదో అడిగింది, భాష తెలియక తలూపాను. ఆసుపత్రి చేరేసరికి ఆ గుప్పిట విప్పడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. మర్నాడు ఇవతలి సైనికులు గుట్ట దిగి మూడు పల్లెలు తగలబెట్టి వచ్చారు. వచ్చి మా క్యాంటీనులోనే కూర్చుని టీ తాగారు. బూట్ల మీద బూడిద అట్లాగే ఉంది.

మనీషా నీ ఉత్తరం చివర తన చేతిరాతతో ఒక ప్రశ్న రాసింది. "నాయినా, గా గుట్టల ఏమున్నదే, రెండు దేశాలు గింతగనం సంపుకుంటున్నయి?" వికారాబాద్ కాలేజీలో చదివే పిల్ల అడగాల్సిన ప్రశ్నే అడిగింది. దీన్ని చదివి వినిపించు.

బిడ్డా, యాభై ఏళ్ళపాటు ఆ గుట్ట మీదికి ఎవడూ మేకల్ని కూడా తోలలేదట. గడ్డి మొలవదు, నీళ్ళుండవు. దాని కడుపులో ఒక నల్లరాయి ఉంది. బ్యాటరీల్లో వాడతారు. నీ ఫోనులోనూ ఉండొచ్చు, సైన్యాల రాకెట్లలోనూ ఉండొచ్చు. ఈ రాయి ఎక్కువగా తవ్వే పెద్ద దేశం ఒకటి నాలుగేళ్ళ కింద అమ్మకం ఆపేసింది. ధర మూడింతలైంది. అప్పటిదాకా ఎవరికీ పట్టని గుట్ట అప్పుడు ఇద్దరికీ మాతృభూమి అయిపోయింది. జెండాలు వచ్చాయి, పాటలు వచ్చాయి, గుట్ట కోసం చావడం గొప్ప అని రేడియోలో చెప్పేవాళ్ళు వచ్చారు. రాయి ఒక్కటే అయితే పంచుకునేవాళ్ళేమో. కానీ గుట్ట నెత్తి మీద నిలబడితే ఓడరేవుకు పోయే ఒకే ఒక్క రోడ్డు కింద కనిపిస్తుంది. పైన కూర్చున్నవాడు ఎవరి లారీని పోనియ్యాలో, ఎవరిది కాల్చాలో చెప్తాడు. అందుకని ఇవతలివాళ్ళకు ఒక పెద్ద దేశం తుపాకులిస్తుంది, అవతలివాళ్ళకు ఇంకో పెద్ద దేశం ఇస్తుంది. ఆ రెండు దేశాలవాళ్ళూ ఒకే హోటల్లో దిగుతారని శంకరప్ప చెప్తాడు. వాళ్ళ కార్లు నడిపింది అతనే.

నీకు ఇంకా తేలికగా చెప్పాలంటే మీ తాత చెయ్యి గుర్తు తెచ్చుకో. తాండూరులో ఇద్దరు గనుల యజమానులు నడుమ ఉన్న పదడుగుల కట్ట కోసం కొట్లాడారు. యజమానులు ఇద్దరూ వికారాబాద్‌లో పెండ్లి విందులో కూర్చున్నారు. గనిలో గడ్డపారలతో కొట్టుకున్నది కూలీలు. మా నాయనకు మూడు వేళ్ళు పోయాయి. ఆ కొట్లాటలోనే ఎదుటి గని కూలీ ఒకడి తల పగిలింది. వాడు మా పక్కింటివాడే. తెల్లారి ఆ కట్టను ఇద్దరు యజమానులూ చెరి సగం తవ్వుకున్నారు. ఇక్కడ కట్ట పెద్దది. అంతే తేడా.

రాహేలూ, ఇక నీ ప్రశ్నలకు వస్తాను. మీ తమ్ముడి సమాధి మీద ఏ బండ వేయించాలని అడిగావు. పాలిష్ యూనిట్‌కు నువ్వే పో. మెరుపు చూసి మోసపోకు. సుత్తి అడిగి తీసుకుని బండ నడుమ మెల్లగా కొట్టు. గుడి గంట అంత కాకపోయినా ఇత్తడి చెంబు మాదిరి ఖంగుమనాలి. మొద్దుగా చప్పుడు వస్తే లోపల పొర విడిపోయి ఉందని అర్థం, వదిలెయ్. మోగినదే తీసుకో.

ఎప్పుడు వస్తావు అని అడిగావు. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధులు కడిగి సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు, యోబుకు సున్నం కొట్టాల్సింది బావే కదా అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే నువ్వు కింద నాలుగు గీతలు గీసి రాసిన ఆ ఇంకో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి.

"బండ మీద పడి సచ్చినోనికి పెట్టె ఎందుకు తెర్వనియ్యలే? మా అమ్మ గడ్డపార పట్టుకొని పెట్టె పలగ్గొట్టవోయింది. నలుగురు పట్టి ఆపిన్రు. నువ్వు ఒక్క మాట గూడ సక్కగ చెప్తలేవు. నిజం చెప్పు."

చెప్తాను. మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది, చింపను.

తాండూరులో మేస్త్రి పని ఏమిటో నీకు తెలుసు. సుత్తితో కొట్టి విని, మోగిన చోట సున్నంతో గుర్తు పెడతాం. ఆ గుర్తును నమ్మి కూలీలు గడ్డపార దించుతారు. మోగని చోట దించితే బండ విరిగి వాళ్ళ మీదే పడుతుంది. అందుకే గుర్తు కింద ప్రతి మేస్త్రీ తన ఉలి గాటు పెడతాడు, తప్పయితే నన్ను అడగండి అని. నా గాటు మా నాయనదే, మూడు అడ్డగీతలు. నాకు పని నేర్పేటప్పుడు ఆయన ఒక్కటే చెప్పేవాడు. "మోగని రాయికి సున్నం వెట్టినోడు మేస్త్రి గాదురా, మనిషిని సంపినోడు."

జనవరిలో మేనేజరు నాకు ఒక మ్యాపు చూపించి గుట్ట నెత్తి మీద ఇరవై రాళ్ళకు గుర్తు పెట్టమన్నాడు. యోబు సున్నం బకెట్ పట్టుకుని నా వెనకే వచ్చాడు. మొదటి పదకొండు రాళ్ళు మోగాయి. పన్నెండోది మోగలేదు. పదమూడోదీ మోగలేదు. అప్పటికే మేము గుట్ట శిఖరం దాటి అవతలి వాలులో ఉన్నాం.

యోబు బకెట్ కింద పెట్టాడు. "బావా, గీ రాళ్ళల్ల ఏం లేదు గదా. మల్ల గీడ సున్నం ఎందుకు?"

"మనకెందుకురా. పెట్టమన్నడు, పెడుదాం."

"కింద వాగు పొంటి సరిహద్దు రాళ్ళకు గూడ గిట్లనే తెల్లసున్నం ఉన్నది బావా. సూసినవా?"

చూశాను రాహేలూ. వచ్చిన మొదటి నెలలోనే చూశాను. ఇక్కడ సరిహద్దుకు గుర్తు సున్నం కొట్టిన రాళ్ళే. అవతలి వాలులో సున్నం పెడితే సరిహద్దు అంత దూరం జరిగినట్టే. మేనేజరు నాతో ఏం చేయిస్తున్నాడో నాకు తెలియలేదని రాస్తే నువ్వు నమ్ముతావు. కానీ తెలిసింది. అడిగాను కూడా. "ఇది అయిపోతే మీ ఇద్దరికీ ఈస్టర్‌కు సెలవు" అన్నాడు. రెండేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు మేము. మీ అమ్మ చేతి మాంసం తునకల కూర గురించి యోబు రోజూ చెప్పేవాడు. నేను తల దించుకుని తొమ్మిది మోగని రాళ్ళకు సున్నం పెట్టాను. యోబు బకెట్ మోశాడు.

మర్నాడు ఇవతలి సైనికులు ఆ రాళ్ళ పక్కన డేరా వేసి ఫోటోలు తీసుకున్నారు. పాత సరిహద్దు దొరికిందని రేడియోలో చెప్పారు. ఆ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి, మేము గుట్ట నెత్తి మీది గనిలో పనికి దిగుతుండగా అవతలివాళ్ళు వచ్చారు.

మొదట డేరా లేచిపోయింది. అందులో పదిహేనుమంది ఉన్నారు, ఒక్కడు మంటలతోనే పరుగెత్తి మా లోడర్ ముందు పడ్డాడు. తర్వాత మర తుపాకులు మొదలయ్యాయి. గనిలో రాతికి గుండు తగిలితే ముక్కలు కూడా గుండ్లే. నా పక్కన డ్రిల్లు పట్టుకున్నవాడికి రాతిముక్క కంట్లో నుంచి వెనక్కి పోయింది, డ్రిల్లు ఇంకా నడుస్తూనే ఉంది. నేను లోడర్ చక్రం కింద దూరాను. యోబును కూడా లాగాను. వాడు విదిలించుకున్నాడు.

"బావా, గవి తుడిస్తె ఆగుతరు. గా సున్నం జూసే కొడుతున్నరు."

"పండుకోరా! పోకురా!"

వాడు తడి గోనెసంచి తీసుకుని అవతలి వాలు వైపు పరుగెత్తాడు. మోగని రాళ్ళ దగ్గరికే పోయాడు. మొదటిది తుడిచాడు. రెండోది తుడిచాడు. మూడోది తుడుస్తుండగా మెడ కింద, పొట్టలో తగిలాయి. రాయిని పట్టుకుని కూర్చుండిపోయాడు.

బండ పడి ఒక్క క్షణంలో పోయాడని శంకరప్పతో నీకు చెప్పించాను. అబద్ధం. వాడు వెంటనే పోలేదు. ముప్పావు గంట ఉన్నాడు. నన్ను పిలిచాడు. "బావా, జర రాయే" అన్నాడు. "బావా, దూప అయితున్నది" అన్నాడు. మా నడుమ ముప్పై గజాలుంటుంది. నా నడుముకు నీళ్ళ సీసా ఉంది. నేను చక్రం కింద నుంచి కదల్లేదు. చెవులు మూసుకున్నాను. తుపాకుల చప్పుడుకు మూసుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. వాడి గొంతు వినలేక మూసుకున్నాను. కాల్పులు ఆగాక పోయేసరికి వాడి చేతిలో గోనెసంచి బిగుసుకుపోయి ఉంది, సున్నమూ నెత్తురూ కలిసి రాతి మీద గట్టిపడ్డాయి. అందుకే పెట్టె తెరవనియ్యొద్దని శంకరప్పకు చెప్పి పంపాను. నువ్వు వాడి గోళ్ళలో సున్నం చూస్తే నన్ను అడుగుతావని.

ఇప్పుడు ఎల్లుండి సంగతి. రెండు దేశాల నడుమ తగవు తీర్చడానికి బయటి దేశాల పెద్దలు కొందరు వస్తున్నారు. ఆ తెల్లరాళ్ళు చూస్తారు. వాడు తుడిచిన మూడింటికీ మేనేజరు మళ్ళీ సున్నం వేయించాడు. నేను ఈ గుట్టకు వచ్చేనాటికే ఇరవై రాళ్ళూ అట్లాగే ఉన్నాయని కాగితం రాసుకొచ్చి నా ముందు పెట్టాడు. సంతకం పెడితే పాస్‌పోర్టు చేతికిస్తాడు, ఈస్టర్ నాటికి యాలాల్‌లో ఉంటాను. పెట్టకపోతే సైనికులకు అప్పజెప్తాడట. వాళ్ళేం చేస్తారో చూశాను. పోయిన వారం ఒక పల్లెటూరివాణ్ణి, సరిహద్దు అది కాదని అన్నందుకు, మా గేటు ముందే తుపాకీ మడమలతో కొట్టి చంపారు. దవడ ఊడిపోయేదాకా వాడు అదే మాట అన్నాడు.

మేనేజరుకు తెలియనిది ఒకటుంది. ఆ తొమ్మిది రాళ్ళ మీద కూడా నేను ఉలి గాటు పెట్టాను. కావాలని కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు, సున్నం పెట్టేముందు చెయ్యి దానంతటదే మూడు గీతలు చెక్కింది. సున్నం గీకితే కనిపిస్తాయి. ఎల్లుండి వాళ్ళందరి ముందు సుత్తి తీసుకుని ఒక్కో రాయినీ కొడతాను, మోగేవీ మోగనివీ వినిపిస్తాను, సున్నం గీకి నా గీతలు చూపిస్తాను. పెట్టినవాణ్ణి నేనే అంటాను. దాంతో యుద్ధం ఆగుతుందని నేననుకోవడం లేదు. నల్లరాయి ధర తగ్గితే ఆగుతుంది, లేకపోతే ఆ పెద్ద దేశాలు రెండూ హోటల్లో ఒక మాట అనుకుంటే ఆగుతుంది. కానీ యోబు మూడు రాళ్ళు తుడిచాడు. ఇంకా ఆరు ఉన్నాయి. అవి నావి.

భయంగా ఉంది రాహేలూ. అయినా ఈసారి చక్రం కింద దూరను.

అత్తమ్మకు ఇదంతా నువ్వే చెప్పు. ఆమె ఏం తిట్టినా అడ్డుపడకు. మనీషాకు కూడా దాచకు. నేను తిరిగి వస్తే ఇంట్లోకి రానివ్వాలో వద్దో నీ ఇష్టం. నువ్వు వద్దంటే తాండూరు స్టేషన్ నుంచే వెనక్కి మళ్ళుతాను.

సమాధికి మాత్రం ఈస్టర్‌కు ఎవరి చేతా సున్నం కొట్టించకు. వాడి మీద ఇంక సున్నం వద్దు. పెద్ద బిందె నిండా చల్లటి నీళ్ళు తీసుకుపోయి బండ మీద పొయ్యి. మెల్లగా పొయ్యి, దూప తీరేదాకా. నేను పోయాల్సిన నీళ్ళు అవి.

ఇట్లు,
యోబు బావ,
యాకోబు