నవమి బిస్కెట్లు

ఖిదిర్‌పూర్,
మహాలయ అమావాస్య మర్నాడు

ప్రియమైన మేరీరాణికి,

ఏడాదిగా ఫోను ఎత్తవు, మెసేజి చూసి కూడా పలకవు. అందుకే మా ఆయన చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రోజూ బడ్జ్ బడ్జ్ డిపోకి డ్యూటీకి వస్తారు కదా, నువ్వు వంట చేసే హాస్టల్లో ఇచ్చి వెళ్తారు.

నవమి నాడు మన తెలుగు సంఘం కలయిక. అమ్మవారి ముందు పెట్టే బిస్కెట్లూ, కొబ్బరి బెల్లం బార్లూ ఈసారీ నా నెత్తినే పడ్డాయి. "పోయినేడు ప్రసాదం నోట్లో పెట్టుకుని ఊసీసినారు. ఈసారీ అలాగైతే కొట్టు మిఠాయే తెప్పించీద్దాం" అని సెక్రటరీ గోపీనాథ్ మీటింగులో అనేశాడు. పదిహేనేళ్లు మనిద్దరం కలిసి చేసిన పని! కాలు ఒకచోట నిలవడం లేదు. డబ్బాలు దించుతాను, మళ్లీ ఎక్కిస్తాను. నువ్వు లేకుండా నా వల్ల కాదు. వస్తావు కదూ?

నీ రాకకి ఎదురుచూస్తూ,
అరుణకుమారి

బడ్జ్ బడ్జ్,
తదియ

ప్రియమైన అరుణకి,

అలవాటుకొద్దీ "ప్రియమైన" అని రాశాను, పొంగిపోకు. ఫోనులో నీ గొంతు వింటే కోపం నిలవదు. అందుకే ఎత్తను.

కిలో మైదాకి ముప్పావు కిలో వెన్న, అర కిలో పంచదార. బార్లకైతే అదే ముద్ద అడుగున పరిచి సగం కాల్చి, పైన కొబ్బరి, బెల్లం పాకం పోసి మళ్లీ కాల్చు. చల్లారాకే కొయ్యి, నీకసలే తొందరెక్కువ.

నేను మాత్రం రాను. వంద మంది ముందు "వెన్న ముక్కిపోయిందని తెలీదేటే? ఇదేనా నీ వంట?" అని నువ్వు కేకలేస్తే, పళ్లేలు కడిగి ఇంటికొచ్చాను. ఒక్కళ్లూ నా వైపు మాట్లాడలేదు. మళ్లీ ఆ హాల్లోకి ఏ మొహంతో రమ్మంటావు?

ఇంతే సంగతులు,
మేరీరాణి

ఖిదిర్‌పూర్,
పంచమి

ప్రియమైన మేరీ,

నువ్వు చెప్పిన కొలతలతో నిన్న ఒక పళ్లెం కలిపి మనం ఏటా కాల్పించే బేకరీలోనే పెట్టించాను. అడుగు మాడింది, నడుమ పచ్చి. బేకరీ ఆయన "మేరీ దీదీ ఏదీ?" అని రెండుసార్లు అడిగాడు. ఊరెళ్లిందని అబద్ధమాడాను. పందిట్లో డప్పులు మొదలుపెట్టారు.

ఒక్కటి అడుగుతాను, నా మీద ఒట్టేసి నిజం చెప్పు. ఆ వెన్న వాసన నీకు నిజంగా తెలియలేదా? ఏడాదిగా ఇదే నన్ను తొలిచేస్తోంది.

జవాబు కోసం గుమ్మంలోనే నిలబడే,
అరుణ

బడ్జ్ బడ్జ్,
షష్ఠి

ప్రియమైన అరుణా,

తెలియలేదు. మూడేళ్ల కిందట నాకు జ్వరమొచ్చి తగ్గింది చూడు, దాంతో నా ముక్కుకి వాసనలన్నీ పోయాయి. మల్లెపూలైనా, గ్యాసు లీకైనా నాకు ఒకటే. హాస్టలు వాళ్లకి తెలిస్తే వంటలో ఉంచుతారా? అందుకే నీకూ చెప్పలేదు. ఇక్కడ ప్రతిదీ నాలిక మీద వేసుకుని చూస్తాను. మీ దగ్గర నైవేద్యం ఎంగిలి కాకూడదు, చిటికెడు పిండి నోట పెట్టనివ్వవు. చర్చికి వెళ్లే దాన్నైనా నీ నియమం నేనెప్పుడూ తప్పలేదు.

ఆ రోజు గుడ్డిగా కలిపేశాను. తప్పు నాదే. అందరి ప్రసాదం పాడుచేశాను. ఇంక రమ్మని అడగకు, నా మీద నాకే నమ్మకం లేదు.

నీ మేరీ

ఖిదిర్‌పూర్,
సప్తమి

ప్రియమైన మేరీ,

తప్పు నీది కాదే. ఆ వెన్న కొన్నది నేను. పొద్దున్న డబ్బా మూత తీయగానే వాసన గుప్పుమంది. పండగ సెలవులకి కొట్లన్నీ కట్టేశారు. ఏలకులు దండిగా వేస్తే ఆ వాసన పోతుందిలే అనుకున్నాను. నువ్వేమీ అనకుండా కలిపేస్తే, మేరీయే అనలేదు, పరవాలేదు అని సరిపెట్టుకున్నాను.

తీరా అందరూ ఊసేస్తుంటే, "వెన్న ఎవరు తెచ్చీసినారు?" అని గోపీనాథ్ అంటుంటే భయమేసింది. ఆ భయంతోనే నీ మీద అరిచాను. నువ్వు తెలిసీ నా కోసం ఊరుకున్నావేమోనని ఏడాదంతా నలిగిపోయాను. నీకసలు తెలియనే తెలియదని ఇప్పుడు తెలిశాక తల ఎత్తలేకపోతున్నాను. నువ్వు ఏ శిక్ష వేసినా పడతాను.

క్షమించమని అడిగే మొహం లేని,
అరుణ

బడ్జ్ బడ్జ్,
అష్టమి

ప్రియమైన అరుణకి,

ఒలమ్మా, ఎంత దానివే నువ్వు! ఏడాదిపాటు చర్చిలో మోకాళ్ల మీద నేను ఏడ్చింది నీ తప్పుకా? నిన్న రెండు పూటలా కూరలో ఉప్పు మరిచిపోయాను. నిన్ను తిట్టని తిట్టు లేదు. కోపం ఇంకా దిగలేదు.

రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. కొత్త వెన్న నేనే తెస్తాను, వాసన నువ్వు చూడు. అమ్మవారి ముందు పెట్టి తీశాక మొదటి ముక్క నా నోట్లో వేసుకుంటాను. అది బాగుంటేనే మిగతా వాళ్లకి.

కానీ పంచే ముందు నువ్వు లేచి నిలబడి, ఆ వెన్న ఎవరిదో, అది పాడైందని ముందే ఎవరికి తెలుసో చెప్పాలి. నా ముక్కు సంగతి ఎత్తకు, నీ సంగతి చెప్పు చాలు. వంద మంది ముందు అన్నావు, వంద మంది ముందే చెప్పు. భయపడకు, నీ పక్కనే ఉంటాను. నువ్వు చెప్పడం అయ్యేదాకా పళ్లెం మాత్రం నా చేతుల్లోంచి కదలదు.

నీ మేరీరాణి